యాంటీబయాటిక్‌లు: తరగతులు, పనితీరు, దుష్ఫలితాలు – చెన్నై నేపథ్యంలో

బాక్టీరియాను చంపే మందులు, లేదా పెరగకుండా ఆపే మందులు యాంటీబయాటిక్‌లు. జలుబు, ఫ్లూ, డెంగ్యూ లాంటి వైరస్ జబ్బుల మీద ఇవి పనిచేయవు. మనిషి ఒంట్లో చేరిన బాక్టీరియాను చంపి మనిషిని వదిలిపెట్టాలంటే, మందు దెబ్బ తీసే భాగం బాక్టీరియాలో ఉండి మనలో ఉండకూడదు. ఉన్నా వేరే రూపంలో ఉండాలి. ఆ తేడా ఎంత స్పష్టంగా ఉంటే మందు అంత సురక్షితం. తేడా పలచబడిన చోట దుష్ఫలితాలు మొదలవుతాయి. ఈ సూత్రం పట్టుబడితే ఏ తరగతి మందు ఎందుకు చెవిని తాకుతుందో, ఏది మూలుగను తాకుతుందో చాలావరకు అర్థమవుతుంది. అలర్జీలు, పేగులోని మంచి బాక్టీరియా చావడం వల్ల వచ్చే విరేచనాలు, మనిషికీ మనిషికీ మధ్య ఉండే జన్యు భేదాలు మాత్రం ఈ సూత్రానికి లొంగవు. వాటిని విడిగా చూడాలి.

ఈ మందుల చరిత్రలో చెన్నైకి పెద్ద స్థానమే ఉంది. టెట్రాసైక్లిన్‌ల పుట్టుకకు కారకుడైన తెలుగు శాస్త్రవేత్త చదివింది మద్రాసులో. క్షయకు ఇంటి దగ్గరే మందులిచ్చి నయం చేయవచ్చని ప్రపంచానికి నిరూపించింది ఈ నగరం. చివరి ఆయుధాలుగా దాచుకున్న మందులనూ ఓడించే బాక్టీరియా మీద 2010లో వచ్చిన కీలక పరిశోధనలో గణనీయమైన భాగం ఇక్కడి ఆసుపత్రుల నమూనాలదే.

కణకుడ్యాన్ని దెబ్బతీసేవి

బాక్టీరియా చుట్టూ పెప్టిడోగ్లైకాన్ అనే గట్టి గోడ ఉంటుంది. మన కణాలకు అది లేదు. గోడలోని పోగులను అడ్డంగా ముడివేసే ఎంజైమ్‌కు పెనిసిలిన్ అతుక్కుని దాన్ని పనికిరాకుండా చేస్తుంది. పెరుగుతున్న బాక్టీరియా లోపలి ఒత్తిడికి తట్టుకోలేక పగిలిపోతుంది. అమాక్సిసిలిన్ లాంటి పెనిసిలిన్‌లు, సెఫిక్సిమ్, సెఫ్ట్రయాక్సోన్ లాంటి సెఫలోస్పోరిన్‌లు, మెరోపెనెమ్ లాంటి కార్బాపెనెమ్‌లు అన్నీ ఈ కుటుంబానివే. వీటిని కలిపి బీటా లాక్టమ్‌లు అంటారు. మన ఒంట్లో అలాంటి గోడ లేదు కాబట్టి గర్భిణులకూ పసిపిల్లలకూ కూడా డాక్టర్లు ధైర్యంగా రాసే మందులు ఎక్కువగా ఇందులోనే ఉంటాయి.

వీటితో వచ్చే పెద్ద చిక్కు అలర్జీ. ఒంటి మీద దద్దుర్లు లేవడం దగ్గర నుంచి, నిమిషాల్లో గొంతు వాచి, ఊపిరాడక, బీపీ పడిపోయే అనాఫిలాక్సిస్ దాకా ఇది వెళ్తుంది. అప్పుడు ప్రాణం నిలిపేది తొడ కండరంలోకి వెంటనే ఇచ్చే అడ్రినలిన్ ఇంజెక్షన్. అయితే ‘నాకు పెనిసిలిన్ పడదు’ అని చెప్పేవారిలో అత్యధికులకు పరీక్ష చేస్తే నిజమైన అలర్జీ కనిపించదు. చిన్నప్పుడు వైరస్ జ్వరంలో వచ్చిన దద్దుర్లను ఎవరో మందు మీదికి నెట్టి ఉంటారు, ఆ ముద్ర జీవితాంతం ఉండిపోతుంది. ఈ ముద్రను తేలిగ్గా తీసుకోకూడదు. దానివల్ల చవకైన మంచి మందు పక్కకు పోయి, అవసరం లేని చోట పెద్ద మందు వాడాల్సి వస్తుంది. ‘పడలేదు’ అన్నప్పుడు ఏం జరిగింది, మందు వేసుకున్న ఎంతసేపటికి జరిగింది, ఆసుపత్రిలో చేరాల్సి వచ్చిందా అని అడిగి చీటీ మీద రాసుకోవడం రోగికి జరిగే నిజమైన మేలు.

మిగతా దుష్ఫలితాలు మందును బట్టి మారతాయి. అమాక్సిసిలిన్‌కు క్లావులానిక్ ఆమ్లం జోడిస్తే విరేచనాలు ఎక్కువవుతాయి, అరుదుగా కామెర్లు వస్తాయి. సెఫ్ట్రయాక్సోన్ పిత్తాశయంలో మడ్డిలా పేరుకోవచ్చు. నెలలోపు శిశువులకు దాన్ని కాల్షియం సెలైన్‌తో కలిపి ఎక్కించడం ప్రమాదం. మన ఆసుపత్రుల్లో విరివిగా వాడే సెఫోపెరజోన్-సల్బాక్టమ్ విటమిన్ కె పనికి అడ్డుపడి రక్తం గడ్డకట్టడాన్ని ఆలస్యం చేయగలదు. మూర్ఛ అదుపులో ఉండటానికి వాల్‌ప్రోయేట్ వాడేవారికి మెరోపెనెమ్ ఇస్తే రక్తంలో వాల్‌ప్రోయేట్ స్థాయి పడిపోయి ఫిట్స్ తిరగబెడతాయి.

వాంకోమైసిన్ కూడా గోడ మీదే పనిచేస్తుంది గానీ దాని పద్ధతి వేరు. అది ఎంజైమ్‌ను కాకుండా గోడ కట్టే ముడిసరుకునే పట్టుకుంటుంది. సెలైన్‌లో వేగంగా ఎక్కిస్తే ముఖం, మెడ, ఛాతీ ఎర్రబడి దురద పెడుతుంది. చూడటానికి అలర్జీలా ఉంటుంది కానీ ఎక్కువసార్లు కాదు. నెమ్మదిగా ఎక్కిస్తే తగ్గిపోతుంది. మూత్రపిండాల మీద మాత్రం కన్నేసి ఉంచాలి.

ప్రోటీన్ తయారీని ఆపేవి

బాక్టీరియాలో ప్రోటీన్‌లు తయారయ్యే చోటు రైబోసోమ్. మనకూ రైబోసోమ్‌లున్నాయి, కాకపోతే పరిమాణం, నిర్మాణం వేరు. అంతవరకు బాగానే ఉంది. అసలు చిక్కు మైటోకాండ్రియాతో. కణానికి శక్తినిచ్చే ఈ భాగాలు ఒకప్పటి బాక్టీరియా సంతతి అని జీవశాస్త్రం చెబుతుంది. వాటి రైబోసోమ్‌లు ఇప్పటికీ బాక్టీరియా వాటిని పోలి ఉంటాయి. ఈ తరగతి మందుల దుష్ఫలితాలు శక్తి ఎక్కువ ఖర్చుచేసే చెవి, నరం, మూలుగ లాంటి చోట్ల బయటపడటానికి ఇదొక పెద్ద కారణం.

ముందుగా టెట్రాసైక్లిన్‌లు. భీమవరంలో 1895 జనవరి 12న పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు మద్రాసు మెడికల్ కాలేజీలో చదివారు. గాంధీజీ పిలుపు విని ఖద్దరు సర్జికల్ గౌను తొడుక్కుంటే సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్‌కు నచ్చలేదు. పరీక్షలు బాగా రాసినా చేతికి వచ్చింది ఎంబీబీఎస్ కాదు, దానికన్నా తక్కువదైన ఎల్ఎంఎస్. మద్రాసులోనే ఆయుర్వేద కళాశాలలో శరీరనిర్మాణ శాస్త్రం చెప్పి, 1923లో అమెరికా చేరారు. హార్వర్డ్‌లో పనిచేసి 1940లో లెడర్లీ సంస్థకు వెళ్లి అక్కడ పరిశోధనకు సారథి అయ్యారు. ఆయన దగ్గర పనిచేసిన వృక్షశాస్త్రవేత్త బెంజమిన్ డగ్గర్ మిస్సోరి విశ్వవిద్యాలయ పొలం మట్టిలోని సూక్ష్మజీవి నుంచి పసిడి రంగు మందును వేరు చేశారు. అదే ఆరియోమైసిన్, మొదటి టెట్రాసైక్లిన్. 1948లో అది లోకానికి తెలిసింది. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశారు. పెనిసిలిన్‌కు లొంగని ఎన్నో జబ్బులకు నోటితో వేసుకునే మందు దొరికిందంటే, దాని వెనక ఈ తెలుగువాడి పట్టుదల ఉంది. ఆయన పేరు మన బడి పుస్తకాల్లో ఇంకా పెద్దగా కనబడాలి.

టెట్రాసైక్లిన్‌లు రైబోసోమ్ చిన్న భాగానికి అతుక్కుని, అమైనో ఆమ్లాలను మోసుకొచ్చే ఆర్‌ఎన్‌ఏను లోపలికి రానివ్వవు. ఇవి కాల్షియంను గట్టిగా పట్టుకుంటాయి. అందుకే పాలతో, యాంటాసిడ్‌తో, ఐరన్ మాత్రలతో వేసుకుంటే ఒంటికి పట్టవు. అందుకే పెరుగుతున్న పిల్లల పళ్లలో చేరి శాశ్వతంగా పసుపు, గోధుమ మరకలు తెస్తాయి. గర్భిణులకు ఇవ్వకపోవడానికీ కారణం అదే. ఈ కుటుంబంలో నేడు ఎక్కువ వాడే డాక్సీసైక్లిన్‌లో ఈ గుణం తక్కువ. దాన్ని మింగి నీళ్లు సరిగా తాగకుండా పడుకుంటే మాత్ర అన్నవాహికలో ఇరుక్కుని పుండు చేస్తుంది. గ్లాసు నిండా నీళ్లు తాగి, అరగంటైనా కూర్చోవాలి. ఎండలో తిరిగేవారికి చర్మం కందిపోతుంది. చెన్నై ఎండల్లో ఇది చిన్న విషయం కాదు.

తమిళనాడులోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ వర్షాల తర్వాత కనబడే స్క్రబ్ టైఫస్‌కు డాక్సీసైక్లిన్ ప్రాణం పోసే మందు. చిగ్గర్ అనే నల్లిలాంటి పురుగు కుట్టిన చోట సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి మచ్చ పడుతుంది. అది చంకలోనో, గజ్జల్లోనో, రొమ్ము కిందో దాగి ఉంటుంది. బట్టలు తీసి వెతికితే గానీ దొరకదు. ఈ జబ్బు ముదిరితే ఏ మందు ఇవ్వాలన్న ప్రశ్నకు వేలూరు సీఎంసీ నాయకత్వంలో దేశంలోని ఏడు కేంద్రాల్లో పరీక్ష జరిగింది. డాక్సీసైక్లిన్‌ను, అజిత్రోమైసిన్‌ను సూది ద్వారా కలిపి ఇస్తే ఏ ఒక్కటీ ఇచ్చినదానికన్నా మెరుగని 2023లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ ప్రచురించింది.

అజిత్రోమైసిన్, ఎరిత్రోమైసిన్ మాక్రోలైడ్‌లు. ఇవి రైబోసోమ్ పెద్ద భాగంలో, తయారైన ప్రోటీన్ బయటికొచ్చే దారిని మూస్తాయి. ఎరిత్రోమైసిన్ పేగుల కదలికను రెచ్చగొడుతుంది కాబట్టి కడుపునొప్పి, వాంతులు మామూలే. వీటిలో భయపడాల్సింది గుండె లయ తప్పడం. ఈసీజీలో క్యూటీ వ్యవధి ముందే ఎక్కువ ఉన్నవారికి, పొటాషియం తగ్గినవారికి, అలాంటి ఇతర మందులు వాడేవారికి ప్రమాదం పెరుగుతుంది. గొంతు గరగరలాడితే చాలు మూడు రోజుల అజిత్రోమైసిన్ కొనుక్కునే అలవాటు మన ఊళ్లలో బాగా పాతుకుపోయింది. వైరస్ గొంతునొప్పికి అది ఏమీ చేయదు.

స్ట్రెప్టోమైసిన్, జెంటామైసిన్, అమికాసిన్ అమినోగ్లైకోసైడ్‌లు. ఇవి రైబోసోమ్ చదివే తీరును పాడుచేసి తప్పుడు ప్రోటీన్‌లు తయారయ్యేలా చేస్తాయి. మూత్రపిండాలకు జరిగే హాని చాలామందిలో మళ్లీ సర్దుకుంటుంది. లోపలి చెవిలోని సున్నితమైన కణాలు మాత్రం పోతే తిరిగి రావు. ముందు కీచుగా ఉండే హెచ్చు స్వరాలు వినబడటం తగ్గుతుంది, కొందరికి చెవిలో హోరు, నడకలో తూలు వస్తాయి. మైటోకాండ్రియాలో ఒక ప్రత్యేకమైన జన్యు మార్పు ఉన్నవారికి మామూలు మోతాదుకే చెవుడు రావచ్చు. అది తల్లి నుంచి పిల్లలకు వస్తుంది. కాబట్టి సూది వేసే ముందు ‘మీ అమ్మ తరఫు వాళ్లలో ఎవరికైనా ఇంజెక్షన్ తర్వాత చెవుడు వచ్చిందా’ అని అడగడం తప్పనిసరి.

క్లోరామ్‌ఫెనికాల్ ఒకప్పుడు టైఫాయిడ్‌కు దిక్కు. మైటోకాండ్రియా మీద దాని ప్రభావం వల్ల మోతాదును బట్టి మూలుగలో రక్తకణాల తయారీ తగ్గుతుంది. అది మందు ఆపితే కోలుకుంటుంది. దానికి పూర్తిగా వేరైన, చాలా అరుదైన మరో ప్రమాదం ఏప్లాస్టిక్ ఎనీమియా. అది ఎవరికి వస్తుందో ముందు చెప్పలేం, తరచు ప్రాణం తీస్తుంది. లినెజోలిడ్‌కూ ఈ రక్తబంధుత్వం ఉంది. రెండు వారాలు దాటితే రక్తకణాలు, నెలలు దాటితే కంటి నరం, కాళ్ల నరాలు దెబ్బతినవచ్చు. క్లిండమైసిన్ మీద నింద వేరు. అది పేగులోని మంచి బాక్టీరియాను తుడిచిపెట్టి క్లోస్ట్రిడియాయిడెస్ డిఫిసిల్‌కు చోటిస్తుంది. దానివల్ల వచ్చే విరేచనాలు తీవ్రంగా ఉంటాయి. ఇతర యాంటీబయాటిక్‌లతోనూ ఇది వస్తుంది.

ఫోలిక్ ఆమ్లం, డీఎన్‌ఏ

సల్ఫా మందులు ఫోలిక్ ఆమ్లం తయారీని అడ్డుకుంటాయి. బాక్టీరియా దాన్ని సొంతంగా తయారు చేసుకుంటుంది, మనం తిండిలో తీసుకుంటాం. ఆ తేడాయే మనల్ని కాపాడుతుంది. ఫోలిక్ ఆమ్లాన్ని లెడర్లీలో కృత్రిమంగా తయారు చేయించిన బృందానికి పెద్ద సుబ్బారావే కావడం విశేషం. ట్రైమెథోప్రిమ్‌తో కలిపిన కోట్రైమాక్సజోల్‌తో దద్దుర్లు తరచు వస్తాయి. నోట్లో, కళ్లలో పుండ్లు పడి చర్మం ఊడివచ్చే స్టీవెన్స్-జాన్సన్ జబ్బు అరుదు, కానీ భయంకరం. దద్దుర్లతో పాటు నోరు పూస్తే మందు వెంటనే ఆపి ఆసుపత్రికి వెళ్లాలి.

సిప్రోఫ్లాక్ససిన్, ఆఫ్లాక్ససిన్, లెవోఫ్లాక్ససిన్ అనే ఫ్లోరోక్వినోలోన్‌లు బాక్టీరియా డీఎన్‌ఏ మెలికలను విప్పే ఎంజైమ్‌లను పట్టేస్తాయి. మడమ వెనక టెండాన్ నొప్పి పెట్టడం, తెగిపోవడం వీటితో వచ్చే ప్రత్యేక ప్రమాదం. అరవై దాటినవారిలో, స్టెరాయిడ్‌లు వాడేవారిలో ఎక్కువ. నరాల తిమ్మిర్లు, నిద్రలేమి, షుగరు ఉన్నట్టుండి పడిపోవడం కూడా ఉన్నాయి. షుగరులో తెచ్చిన ఒడిదుడుకుల వల్లే గాటిఫ్లాక్ససిన్ మాత్రలను 2011లో భారత ప్రభుత్వం నిషేధించింది. ఫ్లోరోక్వినోలోన్‌లు క్షయను తాత్కాలికంగా అణచి, రోగ నిర్ధారణను వారాల తరబడి ఆలస్యం చేస్తాయి. వదలని దగ్గుకు వీటిని ఊరికే రాయడం క్షయ ఇంత ఉన్న దేశంలో తప్పు.

మెట్రోనిడజోల్ ఆక్సిజన్ లేని చోట బతికే జీవుల్లోకి వెళ్లి అక్కడే విషంగా మారి డీఎన్‌ఏను ముక్కలు చేస్తుంది. నోట్లో లోహం రుచి, వికారం మామూలు. మద్యంతో కలిపితే వాంతులు, గుండెదడ రావచ్చని హెచ్చరిస్తారు.

క్షయ మందులు, మద్రాసు నేర్పిన పాఠాలు

1956లో చేట్‌పట్‌లో క్షయ కీమోథెరపీ కేంద్రం మొదలైంది. భారత వైద్య పరిశోధన మండలి, మద్రాసు ప్రభుత్వం, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటిష్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ కలిసి పెట్టాయి. తొలి సారథి వాలెస్ ఫాక్స్. అప్పటికి క్షయ అంటే శానిటోరియం, మంచం, మంచి తిండి, నెలల విశ్రాంతి. నగరంలోని పేద రోగులను చీట్లు తీసినట్టు రెండు జట్లు చేసి, ఒక జట్టును శానిటోరియానికి పంపారు, రెండో జట్టును ఇంటి దగ్గరే ఉంచారు, రెండు జట్లకూ ఐసోనియాజిడ్, పీఏఎస్ అనే మందులు ఏడాదిపాటు ఇచ్చారు. ఇరుకు ఇళ్లలో, అంతంతమాత్రం తిండితో, పనిచేసుకుంటూ మందు వాడినవారికీ దాదాపు అంతే బాగా నయమైంది. ఇంట్లోవాళ్లకు అదనంగా అంటుకోలేదు. 1959లో వెలువడిన ఈ ఫలితం ప్రపంచమంతటా క్షయ వైద్యాన్ని ఇంటి గడప దగ్గరికి తెచ్చింది. ఆ కేంద్రమే ఇప్పటి జాతీయ క్షయ పరిశోధన సంస్థ.

దుష్ఫలితాల చరిత్రలో ఈ కేంద్రం చేసిన మేలు ఇంతకన్నా తక్కువ కాదు. ఐసోనియాజిడ్ ఎక్కువ మోతాదులో ఇచ్చిన రోగులకు అరికాళ్లలో మంటలు, తిమ్మిర్లు వచ్చాయి. కారణం వెతికితే రెండు సంగతులు తేలాయి. ఆ మందును కాలేయం అసిటైల్ రూపంలోకి మార్చి వదిలించుకుంటుంది. కొందరి కాలేయం ఆ పని నిదానంగా చేస్తుంది, అది పుట్టుకతో వచ్చే గుణం. దక్షిణ భారతంలో సగానికి పైగా జనం అలాంటివారే. అలాంటివారికి, అందులోనూ పోషకాహారం లేనివారికి మందు విటమిన్ బి6ను దెబ్బతీసి నరాలను పాడుచేస్తుంది. రోజూ కొద్ది మిల్లీగ్రాముల బి6 ఇస్తే చాలు, ఆ బాధ రాదు. ఇవాళ క్షయ రోగి చేతికి వచ్చే చిన్న బి6 మాత్ర వెనక ఆనాటి మద్రాసు రోగుల అరికాళ్ల మంటలున్నాయి. వారానికి రెండుసార్లు, ఆరోగ్య కార్యకర్త కళ్లెదుటే మందు మింగించే పద్ధతినీ 1960ల్లో ఇక్కడే పరీక్షించారు.

మిగతా క్షయ మందుల సంగతి. రిఫాంపిసిన్ బాక్టీరియా ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్‌ను ఆపుతుంది. మూత్రం, చెమట, కన్నీళ్లు నారింజ రంగుకు మారతాయి. అందులో హాని లేదు. కాలేయం ఎంజైమ్‌లను రెచ్చగొట్టి గర్భనిరోధక మాత్రల ప్రభావాన్ని తగ్గించడం మాత్రం హాని, ఆ సంగతి స్త్రీలకు ముందే చెప్పాలి. ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్ మూడూ కాలేయాన్ని వాచేలా చేయగలవు. ఆకలి పూర్తిగా పోయి, వాంతులై, మూత్రం ముదురు రంగు తిరిగి కళ్లు పచ్చబడితే మందు ఆపి వెంటనే డాక్టరును కలవాలి. ఎథాంబుటాల్ కంటి నరాన్ని తాకుతుంది, ఎరుపు, ఆకుపచ్చల మధ్య తేడా మసకబారడం తొలి గుర్తు. మందులకు లొంగని క్షయకు బెడాక్విలిన్, ప్రెటోమానిడ్, లినెజోలిడ్, మాక్సీఫ్లాక్ససిన్ కలిపిన ఆరు నెలల చికిత్సను 2024లో మన దేశం ఆమోదించింది. గుండె లయ, రక్తకణాలు, చూపు, నరాలు వీటన్నిటి మీదా అందులో కన్నేసి ఉంచాలి.

మందులు ఓడిపోతున్న చోట

2010లో లాన్సెట్ ఇన్ఫెక్షస్ డిసీజెస్ పత్రికలో మద్రాసు విశ్వవిద్యాలయానికి చెందిన కార్తికేయన్ కుమారసామి ముఖ్య రచయితగా వచ్చిన పరిశోధన దేశంలో కలకలం రేపింది. కార్బాపెనెమ్‌లను ముక్కలు చేసే ఎన్‌డీఎం-1 ఎంజైమ్ ఉన్న బాక్టీరియా నమూనాల్లో 44 చెన్నైవి, 26 హర్యానావి, 37 బ్రిటన్‌వి. ఎంజైమ్ పేరులో న్యూఢిల్లీ ఉండటం మీద చర్చ ఎక్కువ జరిగింది, ఎంజైమ్ మీద తక్కువ జరిగింది. అది మనకు నష్టమే చేసింది. రెండేళ్లకు, 2012 ఆగస్టులో చెన్నైలో దేశంలోని వైద్య సంఘాలు కూడి చెన్నై డిక్లరేషన్ తయారుచేశాయి. దాన్ని నడిపించింది ఇక్కడి అంటువ్యాధుల నిపుణుడు అబ్దుల్ గఫూర్. చీటీ లేకుండా అమ్మకూడని పెద్ద యాంటీబయాటిక్‌లకు షెడ్యూల్ హెచ్1 నిబంధన 2014 మార్చి 1 నుంచి అమలైంది. మెడికల్ షాపు ఆ చీటీ వివరాలు ప్రత్యేక పుస్తకంలో రాసి మూడేళ్లు దాచాలి. స్ట్రిప్పులో మూడు గుళికలు కత్తిరించి ఇచ్చే షాపులో ఆ పుస్తకం ఏ స్థితిలో ఉందో ఎవరూ అడగరు.

కార్బాపెనెమ్‌లు విఫలమైనప్పుడు మిగిలేది కొలిస్టిన్. అది బాక్టీరియా బయటి పొరకు అతుక్కుని సబ్బులా దాన్ని చీలుస్తుంది. మూత్రపిండాలను దెబ్బతీస్తుందనే ఒకప్పుడు దాన్ని పక్కన పెట్టారు, గతిలేక మళ్లీ తెచ్చారు. కోళ్లు, పశువుల మేతలో కలిపి వాడటాన్ని 2019 జులైలో ప్రభుత్వం నిషేధించింది.

కొత్త మందు ఒకటి చెన్నై నుంచే వచ్చింది. కె. రాఘవేంద్రరావు స్థాపించిన ఆర్కిడ్ సంస్థలో పుట్టిన ఎన్‌మెటాజోబాక్టమ్‌ను సెఫిపైమ్‌తో జోడించిన మందును, ముదిరిన మూత్రనాళ ఇన్‌ఫెక్షన్‌లకు 2024 ఫిబ్రవరిలో అమెరికా ఎఫ్‌డీఏ ఆమోదించింది. సెఫలోస్పోరిన్‌లను పాడుచేసే ఈఎస్‌బీఎల్ ఎంజైమ్‌లను అది అడ్డుకుంటుంది, దానివల్ల కార్బాపెనెమ్ వాడకం తగ్గుతుంది. ఎన్‌డీఎం మీద దానికి పట్టు లేదు. ఆ బాక్టీరియాకు ఇప్పటికి డాక్టర్లు సెఫ్టాజిడిమ్-అవిబాక్టమ్‌నూ అజ్‌ట్రియోనమ్‌నూ కలిపి ఇస్తున్నారు. సెఫిపైమ్ ఉన్న ఏ మందైనా మూత్రపిండాలు మందగించినవారికి మోతాదు తగ్గించకుండా ఇస్తే అయోమయం, మాట తడబడటం, ఫిట్స్ రావచ్చు. పెద్దవయసు రోగి ఉన్నట్టుండి పొంతన లేకుండా మాట్లాడితే, ముందు మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ చూసి మోతాదు సరిచేయాలి.